బాగా రానివాళ్ళ కత్తెర

మా అన్నయ్య పోయిన నెల ఆఫీసు పని మీద చైనాలో షెన్‌జెన్ వెళ్ళొచ్చాడు. వస్తూ వస్తూ ఎయిర్‌పోర్టులో ఒక ఫ్రేమ్ కొనుక్కొచ్చాడు, "నువ్వక్కడ చదివావు కదా, నీకైతే దీని విలువ తెలుస్తుంది" అని. ఎర్ర కాయితంలో కత్తిరించిన రెండు చేపలు, మధ్యలో తామర పువ్వు, వెనకాల మీగడ రంగు పట్టు గుడ్డ, పైన అద్దం. అట్ట వెనక సాంస్కృతిక వారసత్వం అని చైనీస్‌లో ముద్ర కూడా ఉంది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అడిగిన మొదటి ప్రశ్న, ఇది దేవుడి గదిలో పెట్టేదా హాల్లో పెట్టేదా అని.

హాల్లోనే పెట్టాం. బాగుంది, అబద్ధమెందుకు. చేప పొలుసులు ఒక్కోటీ ఒకే సైజు, తామర రేకులకి వెంట్రుకంత సన్న గీతలు. దగ్గరగా పెట్టుకుని చూస్తే అంచులు కాస్త గోధుమ రంగులో కాలినట్టున్నాయి, అంటే లేజర్ మెషీన్ కోసింది. మెషీన్ కోసిందని నాకేం బాధ లేదు. బాధల్లా ఏంటంటే ఆ చేపల్ని చూసిన ప్రతిసారీ నాకు ఇంకో చేప గుర్తొస్తోంది, అది అచ్చం గుత్తి వంకాయలా ఉండేది, దాన్ని కత్తిరించినావిడ మా హాస్టల్ ఆయి. ఈ రెండు చేపల్లో ఏది అసలు చైనా కాయితపు కత్తిరింపు అని ఎవరైనా నన్ను అడిగితే వంకాయ చేప పేరే చెప్తాను. ఎందుకో వివరంగా రాద్దామని కూర్చున్నా, కాస్త పొడుగవుతుంది.

ఆయి, ఆవిడ వంకాయ చేప

నేను ఎంబీబీఎస్ చదివింది షాన్‌షీ రాష్ట్రంలోని షీఆన్‌లో. చలికాలం సెలవులకి టికెట్ల రేట్లు చూసి మాలాంటి వాళ్ళం చాలామంది ఇంటికి రాకుండా హాస్టల్లోనే పడి ఉండేవాళ్ళం. కింద గేటు పక్క గదిలో ఉండే కేర్‌టేకర్‌ని అందరూ ఆయి అని పిలిచేవాళ్ళు. ఆయి అంటే పిన్ని, అమ్మ చెల్లెలు. చైనాలో పనావిడైనా, హాస్టల్ చూసుకునేవిడైనా, పక్కింటావిడైనా పిన్నే, ఈ ఒక్క విషయంలో వాళ్ళకీ మనకీ తేడా లేదు. మా ఆయిది ఉత్తరాన యానాన్ వైపు, ఆన్‌సాయ్ దగ్గర ఏదో పల్లె. ఆ చుట్టుపక్కల మట్టి కొండల్ని తొలిచి గుహల్లా ఇళ్ళు కట్టుకుంటారు, యావోదొంగ్ అంటారు వాటిని.

వాళ్ళ కొత్త సంవత్సరానికి ఇంకో వారం ఉందనగా ఆవిడ రూమ్ హీటర్ పక్కన స్టూలు వేసుకుని ఎర్ర కాయితం మడుస్తూ కనిపించింది. నేను వేడి నీళ్ళు పట్టుకోవడానికి ఫ్లాస్కుతో దిగాను, అక్కడే నిలబడిపోయాను. నాకు వింతగా అనిపించింది ఏంటంటే ఆవిడ కత్తెర కదలట్లేదు. కుడి చేతిలో కత్తెర ఒకే చోట నోరు తెరుస్తూ మూస్తూ ఉంది, కదిలేది ఎడమ చేతిలో కాయితం, అదే తిరిగి తిరిగి కత్తెర నోట్లోకి వెళ్తోంది, పిండిమర దగ్గర గింజలు వాటంతటవే జారినట్టు. ముందు లోపలి బొక్కలు, చివర్లో బయటి అంచు. ముందే బయట కత్తిరించేస్తే పట్టుకోడానికి చోటుండదు, కాయితం మెత్తబడిపోతుంది. పొలుసుల కోసం నెలవంక లాంటి చిన్న చిన్న గాట్లు, తోకకి రంపం పళ్ళ లాంటి గాట్లు. పది నిమిషాల్లో అయిపోయింది. విప్పి చూపించింది. వంకాయ. తొడిమతో సహా.

"చేపే," అంది నా మొహం చూసి. చైనీస్‌లో చేపని యూ అంటారు, మిగులు అన్న మాట కూడా యూ యే. ఏటా ఇంట్లో ఇంత మిగలాలని చేపని అతికిస్తారు. కాబట్టి అది చేప అని నోటితో అంటే చాలు, చూడ్డానికి ఎలా ఉన్నా పని జరిగిపోతుంది. ఆవిడ దాన్ని గేటు పక్క కిటికీ అద్దానికి అతికించేసి ఇంకో కాయితం మడిచింది.

ఆ వారమే ఆవిడ అక్క కొడుకు పెళ్ళి కూడా కుదిరింది. పెళ్ళికి షీ అనే అక్షరం జంటగా కావాలి, సంతోషం పక్కన సంతోషం, తలుపుల మీద, దుప్పట్ల మీద, కుక్కరు డబ్బా మీద, ఆఖరికి కట్నంగా వచ్చిన ప్లాస్టిక్ బకెట్ల మీద కూడా. కొన్ని డజన్లు కావాలంది, హాస్టల్లో మిగిలిన ముగ్గురం కూర్చున్నాం సాయానికి. కాయితాన్ని సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, అక్షరంలో నాలుగో వంతు మాత్రమే కత్తిరిస్తే విప్పాక మొత్తం వస్తుంది. వినడానికి సులువే. నేను ఏ మడత వదలాలో ఆ మడతనే కోసేశాను. విప్పగానే నా చేతిలో రెండు సంతోషాలు విడివిడిగా, ఒకటి ఒళ్ళో ఒకటి నేల మీద.

పెళ్ళికి చేస్తున్న పని, జంట విడిపోయింది, మన బుర్రలో ఏం మోగుతుందో తెలుసు కదా. నా గుండె గుభేల్‌మంది. ఆయి మాత్రం పకపకా నవ్వి రెండూ తీసుకుని, ఒకటి చీపుర్లు పెట్టే బీరువాకి, ఒకటి వేడి నీళ్ళ బాయిలర్‌కి అతికించింది. "ఒంటి సంతోషమూ సంతోషమే కదా పిల్లా, పెళ్ళికే పనికిరాదు" అంది. ఆ చదువు ఉన్నన్నాళ్ళూ నీళ్ళు పట్టుకోవడానికి వెళ్ళినప్పుడల్లా నా తప్పు నాకు ఎదురుగా కనిపించేది, ఆవిరికి రంగు పోయి గులాబీ రంగులోకి, తర్వాత తెల్లగా.

కిటికీ కాయితంతో ఉన్న రోజులు

ఈ కాయితపు కత్తిరింపు ఎంత పాతదంటే, 1959లో వాయవ్య చైనా షింజియాంగ్‌లో తుర్ఫాన్ దగ్గర ఆస్తానా సమాధుల్లో దొరికినవి ఇప్పటికీ మిగిలినవాటిలో అతి పాతవి, దాదాపు పదిహేను వందల ఏళ్ళ కిందటివి. గుండ్రటి బొమ్మల్లో గుర్రాల జంటలు, కోతుల జంటలు. ఎడారి పొడి గాలి కాబట్టి మిగిలాయి. మిగతా దేశమంతా ఇంకెన్ని లక్షలు కత్తిరించి ఉంటారో, అవన్నీ గోడల మీదే పోయాయి. పోవడానికే చేశారు మరి.

అద్దాలు రాకముందు ఉత్తర చైనా పల్లెల్లో కిటికీ అంటే గళ్ళు గళ్ళుగా చెక్క చట్రం, దాని మీద అతికించిన తెల్ల కాయితం, అంతే. గుహ ఇళ్ళకైతే మూడు వైపులా మట్టి కొండ, వెలుగొచ్చేది ముందు వైపు నుంచే. ఏడాదంతా పొగకీ దుమ్ముకీ ఆ కాయితం మట్టి రంగులోకి వచ్చేస్తుంది, కొత్త సంవత్సరం ముందు దాన్ని పీకేసి కొత్తది వేస్తారు, ఆ తెల్లటి గళ్ళ మీద ఎర్ర పువ్వులు. పగలు లోపల కూర్చున్నవాళ్ళకి వెలుగులో కనిపిస్తాయి, రాత్రి లోపల దీపం పెడితే వీధిలో వాళ్ళకి కనిపిస్తాయి. వాళ్ళ భాషలో దీని పేరే కిటికీ పువ్వు.

కిటికీ దగ్గర ఆగిపోతే మాత్రం ఇది పండగ డెకరేషన్ అనుకునే ప్రమాదం ఉంది. నాకు అసలు కథ మిగతా వాడకాల్లో కనిపిస్తుంది. చెప్పు మీద, పిల్లల టోపీ మీద ఎంబ్రాయిడరీ చేయాలంటే ముందు కాయితం పువ్వు కత్తిరించి గుడ్డకి అతికించి దాని మీదే దారం కుట్టుకుంటూ పోతారు, కాయితం లోపలే ఉండిపోతుంది, ఎవరికీ కనిపించదు. వానలు ఆగకుండా కురిసి పంట కుళ్ళిపోయేలా ఉంటే చీపురు పట్టుకున్న ఆడబొమ్మని కత్తిరించి చూరుకి వేలాడదీస్తారు, ఆవిడ మబ్బుల్ని ఊడ్చేస్తుంది. జడుసుకున్న మనిషికి ప్రాణం ఎక్కడో దారిలో జారిపోయిందని భయమేస్తే కాయితం బొమ్మ కత్తిరించి పిలుస్తారు. ఎనిమిదో శతాబ్దంలో దూ ఫూ అనే కవి యుద్ధం నుంచి పిల్లాపాపలతో పారిపోతూ ఒక స్నేహితుడి ఇంట్లో తలదాచుకున్న రాత్రిని గుర్తుచేసుకుంటూ, కాళ్ళు కడుక్కోవడానికి వేడినీళ్ళిచ్చారు, మా ప్రాణాలు వెనక్కి రావడానికి కాయితం కత్తిరించారు అని రాసుకున్నాడు. కాళ్ళకి నీళ్ళు, ప్రాణానికి కాయితం, రెండూ ఒకే వరసలో, ఒకే మామూలు మర్యాదగా. డాక్టర్‌ని కాబట్టి నేనైతే పారాసిటమాలే ఇస్తాను, అయినా ఆ లైన్ తెలిసినప్పటి నుంచి వదల్లేదు నన్ను.

ఇప్పుడు నా పాయింట్. రాత్రి పూట పిల్లాడు ఉలిక్కిపడి ఏడుస్తుంటే ఎవరూ ఊళ్ళో గొప్ప కళాకారిణి కోసం వెతుక్కుంటూ వెళ్ళరు. ఇంట్లో ఉన్న అమ్మో నాయనమ్మో కత్తెర తీస్తుంది, చేతికి ఏది వస్తే అది. వాన ఆగాలంటే ఆ వాన కురుస్తున్న ఇంట్లో మనిషే కత్తిరించాలి. అంటే ఈ కళ బతుకులో కలిసి ఉండాలంటే బాగా వచ్చినవాళ్ళు ఉంటే చాలదు, బాగా రానివాళ్ళు వందల మంది, సిగ్గుపడకుండా, కత్తిరిస్తూ ఉండాలి. ఊరికి ఒకళ్ళో ఇద్దరో గట్టి చేయి ఉన్నవాళ్ళు పుట్టేది కూడా ఆ గుంపులో నుంచే.

మసి పట్టిన నకలు

దీనికి నా దగ్గర ఉన్న గట్టి సాక్ష్యం మసి. నకలు తీసుకునే పద్ధతి ఒకటుంది వాళ్ళకి. పక్కింటావిడ దగ్గర మంచి పువ్వు ఉంది, నాకు చూసి కత్తిరించడం రాదు. ఏం చేస్తానంటే ఒక చెక్క మీద కొత్త కాయితం పరిచి, దాని మీద ఆ పువ్వు పెట్టి, నీళ్ళు చిలకరించి అంటుకునేలా చేసి, చెక్కని తలకిందులుగా కిరసనాయిలు బుడ్డి పొగ మీద పడతాను. కాయితమంతా నల్లగా మసి పడుతుంది. ఆరాక పువ్వు మెల్లిగా తీసేస్తే కింద తెల్లటి నీడ మిగులుతుంది, అదే నకలు. దాన్ని ఎర్ర కాయితాల మీద పెట్టి కాయితపు ఒత్తులతో గుచ్చి అన్నీ కలిపి కత్తిరించుకోవడమే. పువ్వు పక్కింటావిడకి తిరిగిచ్చేయొచ్చు, చేతికి మసి మాత్రం మూడు రోజులు పోదు (ఇది ఆయి చెప్పింది, నేను అంటించుకోలేదు).

ఆలోచిస్తే ఇది మొత్తం రానివాళ్ళ కోసం కనిపెట్టిన టెక్నాలజీ. బాగా వచ్చినావిడకి మసి అక్కర్లేదు, గీత గీయకుండా నేరుగా కత్తెర పెట్టేస్తుంది. పుస్తకాలూ మ్యూజియంలూ లేని చోట డిజైన్లు ఊరి నుంచి ఊరికి, అత్తారింటి నుంచి పుట్టింటికి తిరిగింది రానివాళ్ళ అరువు తెచ్చుకోవడాల వల్లే. పాము కుందేలు చుట్టూ చుట్టుకుని ఉండే బొమ్మ ఒకటి ఉంది, అలా ఉంటే డబ్బు కలిసొస్తుందని సామెత, అది చాలా జిల్లాల్లో కనిపిస్తుంది, ఒక్కో చోట ఒక్కోలా. నకలు తీసినప్పుడల్లా ఎవరి చెయ్యో కొంచెం వంకర పోయింది, ఆ వంకరే తర్వాత ఆ ఊరి స్టైల్ అయ్యుంటుందని నాకు గట్టి అనుమానం. ఋజువు చూపించమంటే చూపించలేను.

ఇది చదువుతున్న ఆడవాళ్ళలో చాలామందికి డిసెంబర్ నెల గుర్తొచ్చి ఉంటుంది. ధనుర్మాసం పట్టగానే పక్కింటి అక్క ముగ్గుల పుస్తకం అడిగి తెచ్చుకుని, పదిహేను చుక్కలు ఎనిమిది దాకా అని రాసుకుని, లెక్క తప్పి, తెల్లారి వాకిట్లో మెలిక ఎక్కడో కలవక, కలవని చోట ఒక పువ్వు పెట్టి కప్పేసి... అంతకంటే ఎక్కువ పోల్చను, ఎందుకంటే చైనాలో ఏది చూసినా మా ఊళ్ళో కూడా ఉందండీ అనే జబ్బు నాకు కొంచెం ఉంది, తగ్గించుకుంటున్నా.

నా వాదనకి నేనే అడ్డం

ఇంతవరకు చదివి, అబ్బ పాత రోజుల్లో ఎంత బాగుండేదో, అందరూ కలిసి నవ్వుకుంటూ కత్తిరించుకునేవాళ్ళు అని ఎవరైనా అనుకుంటే తప్పు నాదే, అలా అనిపించేలా రాశాను. నిజం అంత తియ్యగా లేదు. ఆయి వాళ్ళ వైపు సామెత ఒకటి ఉంది, కూతురు పుడితే నేర్పరి కూతురే పుట్టాలి, దానిమ్మలూ పియోనీ పూలూ గీయకుండానే కత్తిరించేది కావాలి అని. అంటే రానివాళ్ళని ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు. అమ్మాయి మంచిదా కాదా అని అడిగే ముందు చేయి ఎలాంటిదో చూసేవాళ్ళు, కోడలి పనితనం కిటికీ మీద ఊరందరికీ కనిపించేది.

మా ఆయికి పెళ్ళైన మొదటి కొత్త సంవత్సరం, వాళ్ళ అత్తగారు కాంగ్ మీద (కింద నుంచి పొయ్యి వేడి తగిలే మట్టి అరుగు, ఇంటిల్లిపాదీ కూర్చునేదీ పడుకునేదీ అక్కడే) నలుగురు చుట్టాల మధ్య కూర్చోబెట్టి కత్తెర చేతికిచ్చింది. ఈవిడ తనకొచ్చిన చేప కత్తిరించింది. అత్తగారు దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఇది ఏం పిట్టమ్మా?" అని అడిగింది. ఆ మాట చెప్తూ ఆయి నవ్వింది, మేమూ నవ్వాం. అయితే ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఆ మాట, ఆ గొంతుతో సహా, అనుకరించి చెప్పిందంటే ఎక్కడో గుచ్చుకునే ఉంది కదా. బాగా రానివాళ్ళే ఈ కళని మోశారు అని నేను గొప్పగా చెప్తున్నాను, మోసినావిడకి అది ఎలా ఉండేదో ఆవిడకే తెలుసు.

రెండో అడ్డం ఇంకా పెద్దది, కూ షూలాన్. షాన్‌షీ రాష్ట్రంలోనే షున్‌యీ జిల్లా పల్లెటూరు ఆవిడది, 1920లో పుట్టి 2004లో పోయింది. చిన్నప్పుడే పాదాలు కట్టేశారు, పదిహేడేళ్ళకి పెళ్ళి, మొగుడు కొట్టేవాడు, కన్న పిల్లల్లో చాలామంది దక్కలేదు. 1985లో లోయలాంటి గట్టు మీద నుంచి పడి చాలా రోజులు స్పృహ లేకుండా ఉంది. లేచాక నేను మామూలు మనిషిని కాదు, పువ్వులు కత్తిరించే దేవతని అంది. ఆ తర్వాత ఆవిడ చేసినవి చూస్తే (ప్రింట్లలోనే చూశాను నేను, అసలువి కాదు) మామూలు ఎర్ర కిటికీ పువ్వులకీ వాటికీ పోలికే లేదు, రకరకాల రంగు కాయితాల ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించి, మధ్యలో గుండ్రటి మొహంతో ఆ దేవత, చుట్టూ సూర్యుడు చంద్రుడు పూలు పిట్టలు, గుహ ఇంటి గోడలంతా. పాడుకుంటూ కత్తిరించేదట. 1996లో యునెస్కో ఆవిడకి జానపద కళల్లో మాస్టర్ అని బిరుదిచ్చింది.

ఇప్పుడు నా సిద్ధాంతం ప్రకారం ఈవిడని ఎక్కడ పెట్టాలి? వందమంది మామూలు చేతుల్లో నుంచి పుట్టిన ఒక గట్టి చెయ్యి అనేసి తప్పించుకోవచ్చు. అది అన్యాయం. ఆవిడ బొమ్మలు ఏ వాననీ ఆపడానికి కాదు, ఎవరి పెళ్ళికీ కాదు, తనని తను నిలబెట్టుకోవడానికి చేసుకున్నవి. కళ అనే మాట, బిరుదు, ఫోటోలు, బయట నుంచి వచ్చిన చదువుకున్నవాళ్ళు, ఇవేవీ లేకపోతే ఆవిడ పని కూడా గోడ మీదే పొగచూరి పోయేది, ఊళ్ళో ఒక పిచ్చావిడ ఉండేది అని చెప్పుకునేవాళ్ళేమో. కాబట్టి ఫ్రేమ్ కట్టడం తప్పు అని నేను చెప్పలేను. కొందరికి ఫ్రేమే దిక్కు.

మూడో అడ్డం యూషియన్. హెబేయ్ రాష్ట్రంలో ఒక జిల్లా, అక్కడిది కత్తెర పనే కాదు. తెల్ల షూవాన్ కాయితాలు డజన్ల కొద్దీ దొంతర పెట్టి, చిన్న చిన్న కత్తులతో ఉలితో చెక్కినట్టు కోసి, తర్వాత రంగులు అద్దుతారు. రంగులో బైజూ, అంటే వాళ్ళ నాటు సారా, కలుపుతారు, దాంతో రంగు పై కాయితం నుంచి అడుగు కాయితం దాకా దిగుతుంది. కోత మూడు వంతులు, రంగు ఏడు వంతులు అని వాళ్ళ లెక్క. దాన్ని పేరున్న పనిగా నిలబెట్టిన వాంగ్ లావోషాంగ్ (1890–1951) మగాడు, ఒపెరా పాత్రల మొహాలు కోయడంలో దిట్ట. పండగ ముందు సంతల్లో అమ్మేవాళ్ళు, జనం కొనుక్కునేవాళ్ళు. అంటే "ప్రతి ఇంట్లో ప్రతి ఆడమనిషి" అన్న నా బొమ్మ పూర్తిగా నిజం కాదు, కొనుక్కుని అతికించుకోవడం కూడా పాత సంప్రదాయమే. ఈ పాయింట్‌కి నా దగ్గర సరైన సమాధానం లేదు. కొన్నవాడు కూడా తన కిటికీకి తనే అతికించుకున్నాడు, మళ్ళీ ఏడు పీకేశాడు, హాల్లో మేకుకి వేలాడదీయలేదు అని మాత్రం అనగలను. కొంచెం బలహీనంగానే ఉంది, తెలుసు.

వారసులు

మా ఫ్రేమ్ వెనక ఉన్న ముద్ర సంగతికి వద్దాం. చైనా 2006లో తన జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితా మొదటిది తయారు చేసినప్పుడు అందులో యూషియన్, ఆన్‌సాయ్, యాంగ్‌జౌ, ఫోషాన్ ఇలా ఊరి పేర్లతో కాయితపు కత్తిరింపులు చేర్చారు. 2009లో యునెస్కో జాబితాలోకి వెళ్ళింది. జాతీయ స్థాయిలో వారసులు అని కొంతమందిని గుర్తిస్తారు, వాళ్ళకి 2016 నుంచి ఏటా 20,000 యువాన్లు ఇస్తున్నారు, శిష్యులకి నేర్పమని.

పైనుంచి చెయ్యి పెట్టడం కొత్త కూడా కాదు. 1940ల్లో యానాన్ కమ్యూనిస్టుల స్థావరంగా ఉన్నప్పుడు నగరాల నుంచి వచ్చిన చిత్రకారులు, కవులు ఈ కిటికీ పువ్వుల్ని చూసి ముచ్చటపడి సేకరించారు. గూ యువాన్ లాంటి వాళ్ళు అదే పద్ధతిలో కొత్త బొమ్మలు చేశారు, చేపల బదులు నూలు వడికే ఆడవాళ్ళు, అక్షరాలు నేర్చుకునే రైతులు. తర్వాత అదే పార్టీ హయాంలో సాంస్కృతిక విప్లవం వచ్చి పాతవన్నీ వదిలించుకోవాలన్నప్పుడు పాముల్నీ కుందేళ్ళనీ కిటికీకి అతికించడానికి జనం భయపడ్డారు. 1970ల చివర నుంచి మళ్ళీ జిల్లా సాంస్కృతిక కేంద్రాల వాళ్ళు పల్లెల్లో తిరిగి ముసలమ్మల్ని వెతికి, అమ్మా నీకేం వచ్చో కత్తిరించు అని కాయితాలిచ్చారు. ఒకే మనిషి జీవితకాలంలో ఇన్ని సార్లు మంచిదీ చెడ్డదీ మళ్ళీ మంచిదీ అయిన కత్తెర ఇది.

వారసుల పద్ధతిలో నాకు నచ్చనిది డబ్బు ఇవ్వడం కాదు, ఇవ్వాలి, ఇంకా ఎక్కువే ఇవ్వాలి. వారసురాలు అని ఒకావిడ మెడలో కార్డు పడగానే ఊళ్ళో మిగతా వాళ్ళంతా ప్రేక్షకులైపోతారు, అదీ నా గొడవ. నాకేం వచ్చమ్మా, అదిగో ఆవిడ ఉంది కదా అని కత్తెర పక్కన పెట్టేస్తారు. ఆయి కూడా అచ్చం ఈ మాటే అంది. "మా ఊళ్ళో ఒకావిడ ఉంది, టీవీలో కూడా వచ్చింది, నాది ఏం కత్తిరింపు, పిల్లలాట" అని. నేను వీడియో తీస్తానంటే ఒప్పుకోలేదు, చేత్తో కాయితం కప్పేసింది. అత్తగారు చేయలేని పని సర్టిఫికెట్ చేసింది. అత్తగారు వెక్కిరించింది, అయినా ఏటా కత్తెర చేతికిచ్చేది. సర్టిఫికెట్ ఏమీ అనదు, కానీ కత్తెర పుచ్చేసుకుంటుంది.

అయితే ఇక్కడ ఇంకో మాట ఒప్పుకోవాలి. చైనాలో స్కూలు పిల్లలకి కత్తిరింపు నేర్పుతారు. షీఆన్‌లో మా వీధి ప్రైమరీ స్కూలు గోడ మీద జనవరి వస్తే ఎర్ర కాయితం కోడిపుంజులు, ఎలుకలు, ఏ జంతువు ఏడాదైతే ఆ జంతువు. కోడికి మూడు కాళ్ళున్నవి కూడా చూశాను. అంటే బాగా రానివాళ్ళ సప్లై ఇంకా ఆగలేదు. ఆ మూడు కాళ్ళ కోడిని ఇంటికి తీసుకెళ్తే వాళ్ళమ్మ కిటికీకి అతికిస్తుందా, ఆన్‌లైన్‌లో కొన్న సెట్ అతికిస్తుందా అన్నదాని మీదే నాకు సందేహం.

మొన్న

ఇదంతా రాయడం మొదలుపెట్టాక, ఆయికి చాన్నాళ్ళ తర్వాత వీచాట్‌లో మెసేజ్ పెట్టాను. రిటైరైంది, ఊళ్ళోనే ఉంటోంది, గుహ ఇంట్లో కాదు, కింద కట్టిన అపార్ట్‌మెంటులో. ఈ ఏడు ఏం కత్తిరించారు ఆయీ అని అడిగాను. ఒక ఫోటో పంపింది. పెద్ద అల్యూమినియం కిటికీ, దాని నిండా ఎర్ర పువ్వులు, నిగనిగలాడుతూ. జూమ్ చేసి వంకాయ కోసం వెతికాను. లేదు. ప్లాస్టిక్ స్టిక్కర్లు, జిగురు కూడా అక్కర్లేదట, అద్దానికి అవే పట్టుకుంటాయి, పండగయ్యాక ఒలిచి పుస్తకంలో పెట్టుకుంటే మళ్ళీ ఏడు వాడుకోవచ్చు. నేను ఏదో బాధ వెలిబుచ్చబోతే వెంటనే వాయిస్ మెసేజ్. మైదా జిగురు ఎండిపోయి గట్టిపడితే అద్దం మీద గీకడం ఎంత కష్టమో నీకేం తెలుసు, ముప్ఫై ఏళ్ళు గీకాను, ఇప్పుడు కళ్ళూ కనపడట్లేదు, మోకాళ్ళూ వంగట్లేదు.

ఏటా పీకేసి కొత్తది పెట్టడంలోనే అందమంతా ఉంది అని పైన ఒక పేరా రాశాను. అది విన్నాక తీసేశాను.

మా హాల్లో ఫ్రేమ్ ఫోటో తీసి పంపాను. చాలాసేపు చూసినట్టుంది, చేపలు బాగున్నాయంది, పొలుసులు లెక్కపెట్టినట్టున్నాయి అంది. ఎంతకి కొన్నాడు మీ అన్న అని అడిగింది. చెప్పాను. ముందు ఏడుపు నవ్వు ఎమోజీలు ఒక వరస వచ్చాయి, తర్వాత ఇంకో వాయిస్ మెసేజ్, "ఆ డబ్బిస్తే మీ బిల్డింగు కిటికీలన్నిటికీ నేను కత్తిరించి ఇచ్చేదాన్ని కదే పిల్లా, చేపలే కావాలా, పిట్టలు కావాలా?"